అడ్డంగా రెండు కొమ్మలు

ఇమ్రిఖ్‌కు తన ముందు ఎవరైనా నడిస్తే ఒళ్ళు మండుతుంది. ఇది నిన్నా మొన్నా అంటుకున్న జబ్బు కాదు. చిన్నప్పుడు చర్చి ఊరేగింపులో జెండా పట్టుకున్న పిల్లవాడి మడమలు తొక్కీ తొక్కీ, వాణ్ణి ఏడిపించి, జెండా తను లాక్కున్నాడట. వాళ్ళమ్మ పోయేదాకా ఆ సంగతి చెప్పి నవ్వేది. పెళ్ళీ అలాగే చేసుకున్నాడు. ఈస్టర్ ఉపవాసాల ముందు వచ్చే కార్నివాల్ ఆటపాటల్లో మార్గిత ఇంకో మోతగాడితో వరసబెట్టి నాట్యం చేస్తుంటే చూడలేక మధ్యలో దూరాడు. ఈస్టర్ దాటగానే ఉంగరం తొడిగాడు. అందులో ప్రేమ ఎంతో, కుళ్ళు ఎంతో మార్గితకే ఇప్పటికీ తేలలేదు.

మా తాత్రా కొండల్లో పై సత్రాలకు రోడ్డు వేసినవాడు లేడు. గ్యాసు బండ దగ్గర నుంచి క్యాబేజీ దాకా, బీరు పీపా దగ్గర నుంచి దుప్పటి దాకా అన్నీ మోతగాడి వీపు మీదే ఎక్కాలి. కర్ర చట్రానికి మూటలు కట్టుకుని, తల పైకి ఇంకో మనిషంత బరువు లేచి ఉండగా వంగి నడవాలి. ఎండాకాలంలో దమ్మున్న ప్రతివాడూ మోతగాడే. ఎవడు ఏపాటివాడో చలికాలంలో తెలుస్తుంది. మంచు కురిసిన మర్నాడు ఒకడు ముందు నడిచి బాట తొక్కుతాడు. మిగతావాళ్ళు అతని అడుగుల్లో అడుగు వేస్తారు. అక్కడ అడుగు ఉందంటే, ముందువాడు కర్రతో పొడిచి చూశాడని, పారతో తవ్వి చూశాడని, ఈ వాలు ఇవాళ మనిషిని మోస్తుందని మాట ఇచ్చాడని అర్థం. వాలు నచ్చకపోతే పొట్టి దేవదారు కొమ్మలు రెండు విరిచి, ఒకదాని మీద ఒకటి బాటకు అడ్డంగా వేసి, వెనక్కి దిగిపోతాడు. ఆ కొమ్మల్ని బిషప్పుగారు వచ్చినా దాటరు.

బాట తొక్కినవాడికి సత్రంలో ఒక మర్యాద ఉంది. పొయ్యి పక్క మేకుకు నీలం లోటా ఒకటి వేలాడుతుంటుంది, అంచులు పెచ్చులూడిపోయి. రమ్ము పోసిన టీ ఆ రోజు ఆ లోటాలో అతనికే. మిగతావాళ్ళకు మామూలు కప్పులు. అంతకుముందు బాట తొక్కిన ముసలి గేజా మోకాళ్ళు అరిగి కొండ దిగిపోయినప్పుడు ఆ లోటా ఇమ్రిఖ్ చేతికి వచ్చింది. ఇమ్రిఖ్‌కు అప్పటికింకా తల నెరవలేదు. ఆ తర్వాత చలికాలాలు ఎన్ని గడిచినా దాన్ని ఇంకొకరి చేతికి పోనివ్వలేదు.

గేజా అతనికి నేర్పిన చదువు పెద్దదేమీ కాదు. "మంచంటే ఒక దుప్పటి కాదురా, దుప్పటి మీద దుప్పటి. పైది ఎంత తెల్లగా ఉందని కాదు, అడుగుది ఎట్టా ఉందో చూడు. మొదట్లో పల్చగా పడి, ఆకాశం తేటగా ఉండి, ఎముకలు కొరికే చలి పట్టిందనుకో, అడుగు మంచు పంచదార అయిపోద్ది. పిడికిట్లో పిసికినా ముద్ద కట్టదు. దాని మీద గాలి మోసుకొచ్చి పోసిన మంచు పలకలాగా కూర్చుంటది. పంచదార మీద పలక! దాని మీద నువ్వు! కాలి కింద 'హుప్' అని వినబడిందా, వాదించకు. ఇంటికి పో."

ఇమ్రిఖ్ వాదించే మనిషి. అయినా కొండ అతన్ని ఏమీ చేయలేదు. అందులో కొంత తెలివి, కొంత అదృష్టం. ఏది ఎంతని అతను ఎన్నడూ ఆలోచించలేదు. అంతా తెలివేనని జమ వేసుకున్నాడు. "నా వీపెక్కిన మూట కిందికి దిగదు" అని సారాకొట్లో బల్ల గుద్ది చెప్పేవాడు. అది చాలావరకు నిజమే. ఎంత గాలి కొట్టినా, కొంచెం పక్కకు తప్పించుకునో, దేవుణ్ణి తిట్టుకునో, మూట పైకి చేర్చేవాడు. కొమ్మలు వేసిన రోజులు అతని జీవితంలో వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు.

అలాంటివాడికి బావమరిది దాపురించాడు.

బ్లాజే మార్గితకు ఒక్కగానొక్క తమ్ముడు. పోప్రాడ్ పట్నంలో ఫ్యాక్టరీ మూతపడితే పెట్టె పట్టుకుని ఊరికి వచ్చాడు. ఏదో ఒక పని నేర్పమని మార్గిత పోరింది. చట్రం ఎలా కట్టాలో, బరువైన సామాను భుజాల పైకి ఎందుకు ఉండాలో, ఊపిరితో అడుగు ఎలా కలపాలో, అన్నీ ఇమ్రిఖే నేర్పాడు. అతను ఏకై వచ్చి మేకై కూర్చుంటాడని అప్పుడు తెలియదు. బ్లాజే బరువు మోయడంలో ఇమ్రిఖ్‌లో సగం కూడా కాదు. కానీ కొండ రక్షణ దళం వాళ్ళు పెట్టిన శిక్షణకు వెళ్ళి వచ్చాడు. మెడలో, మంచు కింద పూడిపోతే జాడ చెప్పే బీప్ మనే పరికరం, వీపున మడత పార. ప్రతి వాలు ముందూ ఆగి గుంట తవ్వడం, పొరల్లో వేళ్ళు పెట్టడం, గోడను పార వెనకతో తట్టి చూడడం. నచ్చకపోతే సిగ్గూ ఎగ్గూ లేకుండా మూట దించేసి, ఈల వేసుకుంటూ ఇంటికి వచ్చేసేవాడు.

ఇమ్రిఖ్ కడుపు నిండా నవ్వుకుందామని కాచుకుని కూర్చున్నాడు. నవ్వే అవకాశం రాలేదు. మరుసటి చలికాలం మొదట్లో సత్రం నడిపే ఒతీలియ మోతగాళ్ళందరి ముందూ చెప్పేసింది.

"ఇమ్రిఖన్నా, ఈసారి బాట బ్లాజే తొక్కుతాడు."

"వాడా? వాడు వారంలో సగం రోజులు మూట కిందికి దించుకుపోతాడమ్మా!"

"అందుకే" అంది ఒతీలియ, సూపు గరిటె కడుగుతూ.

ఆ ఒక్క మాట ఇమ్రిఖ్ గొంతులో ముల్లులా దిగబడింది. ఇన్నేళ్ళు ప్రాణానికి తెగించి మోసినందుకు రాని పేరు, మధ్యలో వదిలేసి వచ్చినవాడికి వస్తుందా? అతనికి అర్థం కాలేదు. అర్థం చేసుకోవాలని కూడా లేదు. ఆ రోజు నీలం లోటా బ్లాజే చేతిలో పొగలు కక్కుతుంటే, తన కప్పులో టీ వేడిగా ఉందో చల్లారిందో ఇమ్రిఖ్‌కు తెలియలేదు.

సారాకొట్లో పుండు మీద కారం చల్లేవాళ్ళకు కొదవా? "ఏం ఇమ్రిఖూ, బామ్మర్ది అడుగులు నీ బూటుకి సరిపోతన్నాయా?" అన్నాడొకడు. నిజానికి సరిపోలేదు. బ్లాజేవి పొట్టి అడుగులు. వాటిలో కాలు పెడితే ఇమ్రిఖ్ మోకాళ్ళు పట్టేసేవి. అందుకని బాటకు పక్కగా, నడుము లోతు మంచులో, ఎద్దులా దున్నుకుంటూ వెళ్ళేవాడు. ఇంట్లోనూ మనశ్శాంతి లేదు. గొర్రె జున్ను వేసిన పిండి ఉండల మీద వేయించిన కొవ్వు ముక్కలు బ్లాజే పళ్ళెంలో ఎక్కువ పడ్డాయని ఒకరోజు చెంచాతో వేరుచేసి లెక్కపెట్టాడు. మార్గిత అది కనిపెట్టింది.

"ఏమయ్యా, పళ్ళూడే వయసులో వాడి పళ్ళెం మీద పడతావేంటి? కావాలంటే నాది కూడా తిను."

"నాకేం వద్దు. వాడికే పెట్టు. అన్నీ వాడికే పెట్టు."

"అవును పెడతా. వాడు రోజూ ఇంటికొస్తున్నాడు. నువ్వొచ్చేదాకా నేను కిటికీ దగ్గర నిలబడే ఉండాలి."

ఈ మాటలో మనసు పెట్టి వినాల్సింది ఉంది. అతను వినలేదు. అతనికి 'వాడికి పెడతా' అన్న ముక్కే వినబడింది.

కార్నివాల్ చివరి శనివారం వచ్చింది. పై సత్రంలో అతిథులు నిండిపోయారు. ఆ ఏడు మంచు తక్కువ పడి, చలి ఎక్కువ పట్టింది. ఆకాశం వారాల తరబడి అద్దంలా ఉంది. ఆ వారమే ఒక్కసారిగా మంచు దిగబడింది, వెనకే గాలి లేచింది. ముసలి గేజా బతికి ఉంటే ఇంట్లోంచి బయటికి కూడా వచ్చేవాడు కాదు. బ్లాజే తెల్లవారగానే గ్యాసు బండతో బయల్దేరాడు. ఇమ్రిఖ్ బీరు పీపా, సాసేజీలు, బూరెలు వేయించే కొవ్వు డబ్బా చట్రానికి కట్టుకుని కాస్త ఆలస్యంగా కదిలాడు. అడవి దాటగానే బ్లాజే ఎదురొచ్చాడు, ఖాళీ వీపుతో.

"ఏరా, బండ ఏదీ? కొండకి కానుకిచ్చి వస్తన్నావా?"

"గొడుగు రాయి కింద పెట్టా బావా. గరాటు బాలేదు. అడుగంతా పంచదారే. కొమ్మలు వేసేశా, ఒతీలియకి ఫోన్ కూడా చేశా."

గరాటు అంటే సత్రానికి ముందు వచ్చే ఆఖరి వాలు. పైన వెడల్పు, కింద ఇరుకు. బాట దానికి అడ్డంగా పోయి అవతలి భుజం మీద తేలుతుంది. గొడుగు రాయి దానికి ఇవతల ఉంటుంది.

"కార్నివాల్ పూట పైన జనం ఎండు రొట్టె నమలాలేంట్రా?"

"నమిల్తే పళ్ళు గట్టిపడతాయి. నువ్వూ దిగు బావా. అక్క క్యాబేజీ చారు పెట్టింది."

"నా మూట కూడా రాయి కింద పడేసి వస్తా. నువ్వు పద."

"రాయి దాకానేగా?"

"నీకు చెప్పి నడవాల్రా నేను?"

మోత ఉన్నవాడికి దారి ఇవ్వాలి కాబట్టి బ్లాజే పక్కన లోతు మంచులోకి దిగి నిలబడ్డాడు. ఇమ్రిఖ్ దాటుతుంటే పీపా తాడు వదులైనట్టు కనబడి, చెయ్యెత్తి బిగించాడు. ఆ తాడు బిగింపు కూడా ఇమ్రిఖ్‌కు చెంపదెబ్బలా తగిలింది. తను నేర్పిన ముడి అది.

గొడుగు రాయి దగ్గర గాలి ఈలలు వేస్తోంది. శిఖరం అంచు నుంచి మంచు పొగలా లేచి గరాటులోకి దిగుతోంది. అంటే వాలు మీద పలక ఇంకా దట్టమవుతోంది. బాటకు అడ్డంగా రెండు కొమ్మలు, పచ్చగా, ఒద్దికగా. పక్కనే బ్లాజే తవ్విన గుంట సగం పూడి ఉంది. ఇమ్రిఖ్ కర్ర తిరగేసి మంచులోకి దించాడు. పైన గట్టిగా తగిలింది, ఆ తర్వాత బియ్యం బస్తాలో దిగినట్టు జర్రున దిగిపోయింది. పార తీయలేదు. తవ్వితే తెలుస్తుంది. తెలిస్తే వెనక్కి దిగాలి. దిగితే బావమరిది చెప్పింది నిజమని ఊరంతా అంటుంది.

ఒక అడుగు వేశాడు. వాలు ఇంకా మొదలు కాలేదు, చదునుగానే ఉంది. కాలి కింద కొండ ఊపిరి వదిలినట్టు 'హుప్' అంది.

ఇమ్రిఖ్ చెవులు గేజా చెవులే. వాటికి ఆ మాట తెలుసు. వేయబోయిన రెండో అడుగు ఆగింది. అంతలోనే నీలం లోటా కళ్ళ ముందు మెదిలింది, బ్లాజే పెదవుల దగ్గర. వంగి కొమ్మలు రెండూ తీసి, దూరంగా పొదల్లోకి విసిరేశాడు.

గరాటు దాటిన ఆ కాసేపటి గురించి అతను తర్వాత ఎవరికీ సరిగ్గా చెప్పలేకపోయాడు. గాలి చెవుల్లో హోరుమంటోంది. పీపాలో బీరు గుడగుడలాడుతోంది. ప్రతి అడుగూ మెత్తగా, దొంగలా వేశాడు. వాలు మోసింది. ఎందుకు మోసిందో వాలుకే తెలియాలి. అవతలి భుజం ఎక్కి వెనక్కి చూస్తే తన అడుగుల బాట, లోతుగా, తిన్నగా, మొగాడిలా ఉంది. ఛాతీ పొంగింది. ఇదిరా బాటంటే, అనుకున్నాడు.

సత్రం తలుపు తీసిన ఒతీలియ తెల్లబోయింది.

"అదేంటన్నా! బ్లాజే గరాటు మూసేశానన్నాడే?"

"కుర్రాడు భయపడ్డాడమ్మా. నేను తవ్వి చూశా. అడుగు దాకా తవ్వా. రాయిలాగుంది."

అంత సులువుగా అబద్ధం వచ్చేసింది. ఒతీలియ అతని మొహంలోకి కొంచెంసేపు చూసింది. తర్వాత మేకు మీది నీలం లోటా తీసి, రమ్ము కాస్త ఎక్కువే పోసి, చేతికిచ్చింది. కింద మార్గితకు ఫోన్ చేసి, మీ ఆయన క్షేమంగా చేరాడు, గరాటు తవ్వి చూశాడట, బాగానే ఉందట అని చెప్పింది. అతిథులు వచ్చి భుజం తట్టారు. ఒకడు అకార్డియన్ మీద పాట అందుకున్నాడు. టీ గొంతు కాలుస్తూ దిగింది. ఇన్ని నెలల కడుపుమంట మీద నీళ్ళు చల్లినట్టయింది. ఇమ్రిఖ్ పొయ్యి పక్కన బెంచీ మీద బూట్లు విప్పి, లోటా ఒళ్ళో పెట్టుకుని, కునుకు తీశాడు.

మెలకువ వచ్చేసరికి ఒతీలియ ఫోన్‌లో నవ్వుతోంది. "సరే మార్గితా, సరే. వాడికి కూడా చారు వేడిగా ఉంచుతాలే."

"ఎవడికి?" అన్నాడు ఇమ్రిఖ్.

"మీ బామ్మర్దికి. బావ తవ్వి చూశాడంటే నేనే తప్పు చూసుంటా అని, గ్యాసు బండ తీసుకురావడానికి ఎప్పుడో బయల్దేరాడట. గొడుగు రాయి దగ్గరికి వచ్చేసి ఉంటాడు."

నిజం చెప్పాలంటే, ఇమ్రిఖ్‌కు ముందు కలిగింది సంతోషమే. వస్తున్నాడు, నా అడుగుల్లో అడుగు వేసుకుంటూ వస్తున్నాడు! ఆ సంతోషం ఒక్క గుటక సేపు ఉంది. ఆ తర్వాత ఆ అడుగుల కింది పంచదార గుర్తొచ్చింది. లోటా నేల మీద దొర్లింది.

"మూసే ఉంది" అన్నాడు. "గరాటు మూసే ఉందమ్మా. నేను తవ్వలా."

ఒతీలియ బ్లాజేకు ఫోన్ కలుపుతూ, ఎత్తడం లేదని ఏదో అంటోంది. అతను వినలేదు. బూట్ల తాళ్ళు కట్టుకోకుండా, కోటు లేకుండా బయటికి పరిగెత్తాడు. పొద్దుటి నుంచి ఆగని గాలి గరాటును ఇంకా నింపింది. భుజం మీదికి చేరేసరికి ఊపిరి అందలేదు. అవతల, గొడుగు రాయి దాటి, గ్యాసు బండ వీపున పెట్టుకుని బ్లాజే అప్పటికే నాలుగైదు అడుగులు లోపలికి వచ్చాడు. తల వంచుకుని, సగం పూడిన పెద్ద అడుగుల్లో తన పొట్టి కాళ్ళు చాచి చాచి వేస్తున్నాడు. ఒక్క అడుగు కూడా పక్కన వేయడం లేదు.

తన అడుగు చూసి పదిమందీ నడవాలని బతికిన మనిషి ఇమ్రిఖ్. ఆ మనిషే చేతులు రెండూ ఎత్తి, గొంతు చించుకుని అరిచాడు.

"నా అడుగులు నమ్మకురా! బ్లాజే! తవ్వలేదురా నేను! అబద్ధం చెప్పా! నా అడుగులు నమ్మకు!"

గాలిలో ఎంత అందిందో ఏమో, బ్లాజే తలెత్తి చూశాడు. కదలకుండా నిలబడ్డాడు. తర్వాత వెనక్కి తిరక్కుండానే, వేసిన అడుగుల్లోనే మడమలు పెట్టుకుంటూ ఒక్కొక్కటే వెనక్కి నడిచాడు. రాయి మొదట్లో ఆఖరి కాలు పెట్టాడో లేదో, కొండ మళ్ళీ 'హుప్' అంది. ఈసారి అవతలి భుజం మీద ఇమ్రిఖ్‌కు కూడా వినబడింది. వాలు పైభాగాన సన్నటి గీత ఒకటి ఇటు నుంచి అటు పరుగెత్తింది. గరాటు మొత్తం, ఎవరో కింద నుంచి దుప్పటి లాగినట్టు, కదిలి పలకలు పలకలుగా విరిగి లోయలోకి పోయింది. మోత సద్దుమణిగాక చూస్తే అక్కడ పచ్చిక, రాళ్ళు. ఇమ్రిఖ్ బాట ఆనవాలు కూడా లేదు.

మంచు పొగ విడిపోయాక అవతలి నుంచి బ్లాజే గొంతు వచ్చింది. "బావా! నీకేం కాలేదుగా?"

ఆ ప్రశ్నతో ఇమ్రిఖ్ మంచులో కూలబడ్డాడు. ఏడుస్తూనే, ఛీ, ఈ మాట ముందు అడగడంలో కూడా వీడే ముందున్నాడే అనుకున్నాడు. బుద్ధి అంత తొందరగా పోతుందా!

మర్నాడు రక్షణ దళం వాళ్ళు చూసి సరేనన్నాక అతను కిందికి దిగాడు. బయల్దేరేటప్పుడు ఒతీలియ తిట్టలేదు. లోటా కడిగి మేకుకు తగిలించి, "ఈ చలికాలమంతా వెనక నడువు అన్నా" అంది, అంతే. ఇంట్లో మార్గిత పళ్ళెం పెట్టింది కానీ మొహం చూపించలేదు. ఎదురుగా కూర్చున్న బ్లాజే రొట్టె తుంచుతున్నాడు.

"నువ్వు తిట్టరా" అన్నాడు ఇమ్రిఖ్.

"ఏం తిట్టను బావా. గుంటలో పంచదార నా చేతుల్తో పట్టుకున్నా. అయినా నువ్వు బాగుందన్నావని తెలిసేసరికి నా చేతులే అబద్ధమనుకున్నా. నువ్వు చెప్తే నా కళ్ళు నేనే నమ్మను. అదీ నా తప్పు."

ఏ మాట కోసం ఇన్ని నెలలు కుళ్ళి చచ్చాడో ఆ మాట ఇమ్రిఖ్‌కు దొరికింది, తీసుకునే అర్హత లేని రోజున. అతను పళ్ళెంలోని కొవ్వు ముక్కలన్నీ ఏరి బావమరిది పళ్ళెంలో వేశాడు. బ్లాజే వద్దనకుండా తిన్నాడు.

అసూయ పోయిందా అంటే, పోతే ఇమ్రిఖ్ ఎలా అవుతాడు? వెనక నడిచాడు, నిజమే. పొట్టి అడుగుల్లోనే నడిచాడు, మోకాళ్ళు తిట్టుకుంటూ. "వీడి నడక కోడిపెట్ట నడక" అని వెనకవాడికి చెప్పకుండా ఉండలేకపోయాడు. అలా ఉండగా మార్చి మొదట్లో మళ్ళీ పెద్ద మంచు పడింది. ఇమ్రిఖ్ గొడుగు రాయి దగ్గరికి చేరేసరికి బ్లాజే గుంట తవ్వేసి, రాయి మీద కూర్చుని ఉన్నాడు. బాటకు అడ్డంగా ఒక్క కొమ్మే ఉంది.

"రెండోది ఏదిరా?"

"నీకోసం ఆగా. నువ్వూ చూడు. బాలేదనిపిస్తే నువ్వు వెయ్యి."

ఇమ్రిఖ్ చట్రం దించాడు. గుంటలోకి దిగాడు. అడుగు పొర పిడికెడు తీసి పిసికాడు. ముద్ద కట్టలేదు, వేళ్ళ సందుల్లోంచి జారిపోయింది. తర్వాత పొదలోంచి ఒక కొమ్మ విరిచి తెచ్చి, బ్లాజే వేసినదాని మీద అడ్డంగా పెట్టాడు. మూట మళ్ళీ ఎత్తుకుని, మొదటిసారిగా, వాదించకుండా కిందికి తిరిగాడు.

పది అడుగులు వేసి ఆగి, వెనక్కి చూశాడు.

"ఏంటి బావా?"

"ఏం లేదు. నా కొమ్మే పైనుంది."